గంగ ఆగ్రహం: దెయ్యమూ కాదు, రుజువూ కాదు



రెండు దశాబ్దాలు గడిచినా తెలుగు ప్రేక్షకుల మనసులో నుంచి చెరిగిపోని సినిమా దృశ్యం ఒకటి ఉన్నది. ఒక ఇల్లాలు బయటికి వెళ్ళడానికి సిద్ధమవుతుంది. భర్త వద్దంటాడు. ఆమె మొదట బతిమాలుతుంది, తరువాత వాదిస్తుంది. ఆ పిమ్మట కళ్ళు మారిపోతాయి, గొంతు మారిపోతుంది, భాష మారిపోతుంది. బరువైన మంచాన్ని ఎత్తిపట్టి భర్తపై గర్జిస్తుంది. క్షణకాలం తరువాత ఏమీ ఎరగనట్లు, ఏం జరిగిందని అమాయకంగా అడుగుతుంది. 2005లో వచ్చిన ‘చంద్రముఖి’లోని ఈ దృశ్యం మీకు వెంటనే స్ఫురించి ఉంటుంది. 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ దీనికి మూలం. మలయాళంలోనూ తమిళంలోనూ ఆ ఇల్లాలి పేరు గంగ.

ఆ దృశ్యాన్ని మనమందరం ఒకే విధంగా అర్థం చేసుకున్నాము: ‘చూశారా, లోపల దాగి ఉన్న రెండో మనిషి బయటపడింది!’ ఈ వ్యాఖ్యానం తప్పు అని వైద్యుడిగా నా వాదన. తప్పు కావడమే కాదు, హానికరం కూడా. మూడున్నర దశాబ్దాలు ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన నేను, ఆ హాని ఏ రూపంలో గడప దాటి లోపలికి వస్తుందో చూశాను కనుక ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

‘సినిమా కదా డాక్టరు గారూ, ఇంత పట్టింపు ఎందుకు?’ అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దెయ్యాల కథను దెయ్యాల కథగానే చెప్పిన చిత్రంతో నాకు పేచీ లేదు. కానీ ఈ చిత్రంలో కథానాయకుడు మానసిక వైద్యుడు. విదేశంలో చదివి వచ్చినవాడు. ఇది దెయ్యం కాదు, జబ్బు అని ఆయన శాస్త్రం పేరు మీద చెబుతాడు. ఆ ఒక్క మాట చెప్పినందుకు ఆ చిత్రాన్ని నేను మెచ్చుకుంటాను కూడా. (అదే చిత్రంలో ఆ గది వద్ద తిరిగే మహాసర్పం ఏ వ్యాధికి లక్షణమో మాత్రం నాకు ఇప్పటికీ బోధపడలేదు.) శాస్త్రం పేరుతో మాట్లాడినవారిని శాస్త్రం ప్రశ్నించక తప్పదు.

రోగిని చూడని రోగనిర్ణయం

ఆ దృశ్యం దానంతట అది జరిగినది కాదని గుర్తు తెచ్చుకోండి. భార్యకు జబ్బు అంటే భర్త నమ్మడు. నమ్మించడానికి వైద్యుడు ఒక ఉపాయం పన్నుతాడు: ఆమె బయలుదేరే సమయంలో వెళ్ళవద్దని అడ్డుపడు, ఏమవుతుందో చూడు అంటాడు. భర్త అలాగే చేస్తాడు. ఆమె రెచ్చిపోతుంది. రుజువు దొరికింది!

ఇప్పుడు సినిమాను పక్కనపెట్టి, సాధారణ గృహస్థుగా ఆలోచించండి. వెళ్ళడానికి సిద్ధమైన మనిషిని, కారణం చెప్పకుండా, చివరి నిమిషంలో నిలిపివేస్తే ఎవరికి కోపం రాదు? మీ ఇంట్లో ఈ పరీక్ష పెట్టి చూడండి; ఆరోగ్యవంతులు ఎందరు ‘ఉత్తీర్ణులు’ అవుతారో తెలుస్తుంది. ఆరోగ్యవంతులు కూడా తప్పే పరీక్ష రోగాన్ని నిర్ధారించలేదు. వైద్యంలో ఇది మొదటి పాఠం.

అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. వైద్యుడు ఆమెతో కూర్చుని ‘అమ్మా, నీకు నిద్ర పడుతున్నదా? మధ్యలో కొంత సమయం జ్ఞాపకం లేకుండా పోతున్నదా? ఏమైనా వినిపిస్తున్నదా? నీకేమి భయంగా ఉన్నది?’ అని అడగడు. తలకు దెబ్బ తగిలిందా, మూర్ఛ వ్యాధి ఉన్నదా, ఏవైనా మందులు వాడుతున్నదా అని తెలుసుకోడు. ఒక్క రక్తపరీక్ష లేదు. ఆమె చిన్ననాటి కథనంతా ఇతరుల వద్ద సేకరిస్తాడు. జబ్బు సంగతి భర్తకు చెబుతాడు. జబ్బు ఎవరిదో వారికి చెప్పడు. నాడి చూడకుండా మందు వ్రాసే వైద్యుడిని మనం క్షమించము. ఈయనకు మాత్రం చప్పట్లు కొట్టాము.

నిజానికి ఆ కోపంలో వ్యాధి ఉన్నదనడానికి ఆధారం మంచం ఎత్తడం కాదు. అంతకుముందు, ఆ తరువాత ఉన్న విషయాలు ఆధారం: కొంతకాలం జ్ఞాపకం లేకపోవడం, తనదికాని పేరుతో, తనదికాని చరిత్రతో మాట్లాడడం, ఇది పదే పదే జరగడం. మనం చూడవలసినవి అవి. కెమెరా మాత్రం మనచేత మంచాన్ని చూపించింది.

రెండు ముక్కలైన మనసు అనే అపోహ

గంగ వ్యాధిని చిత్రం ‘స్ప్లిట్ పర్సనాలిటీ’ అన్నది. అదే ఏడాది వచ్చిన ‘అపరిచితుడు’ కూడా ఇదే వ్యాధిని చూపించి, దానితో హత్యలు చేయించింది. ఒకే సంవత్సరంలో రెండు పెద్ద చిత్రాలు తెలుగువారికి ఒకే పాఠం నేర్పాయి: మనసు రెండైతే రెండో మనిషి హంతకుడు.

వైద్యశాస్త్రం చెప్పేది వేరు. ఒకప్పుడు బహుళ వ్యక్తిత్వ రుగ్మత అని పిలిచినదానికి 1994లో అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ ‘డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్’ అనే పేరు పెట్టింది. వ్యక్తిత్వాలు ఎక్కువ కావడం కంటె, ఒక్క వ్యక్తిత్వం సక్రమంగా కూడిరాకపోవడమే ఇందులో అసలు సమస్య అనే భావన ఆ మార్పులో ఉన్నది. ఈ రోగులలో చాలామంది బాల్యంలో తీవ్రమైన హింసకో, నిరాదరణకో గురైనవారు. భరించలేని అనుభవం నుంచి మనసు తనను తాను వేరుచేసుకున్న స్థితి అది. వీరి వల్ల ఇతరులకు ఉన్న ప్రమాదం కంటె, వీరికి వీరి వల్ల ఉన్న ప్రమాదం చాలా ఎక్కువ. చేతులు కోసుకోవడం, ఆత్మహత్యాయత్నం వీరిలో తరచుగా కనిపిస్తాయి. మంచం ఎత్తిన గంగను చూసి భయపడిన మనం, గదిలో ఒంటరిగా బ్లేడు పట్టుకున్న గంగను చూడలేకపోతాము.

ఇంకొక గందరగోళం కూడా తీరవలసి ఉన్నది. స్కిజోఫ్రీనియా అంటే ఇదే అని చదువుకున్నవారు కూడా అంటుంటారు. స్విట్జర్లండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో ఈ పదాన్ని వాడుకలోకి తెచ్చాడు. చీలిక అనే అర్థం ఆ పేరులో ఉన్న మాట నిజమే. కాని ఆయన ఉద్దేశించినది ఆలోచన, అనుభూతి, ప్రవర్తనల మధ్య పొందిక తప్పడం. ఒక మనిషి ఇద్దరు కావడం కాదు. రెండు వ్యాధులు వేరు, వాటి చికిత్సలు వేరు. స్కిజోఫ్రీనియాకు మందులు ప్రధానం. మొదటిదానికి నమ్మకం మీద నడిచే దీర్ఘకాలిక మానసిక చికిత్స ప్రధానం. సినిమాలో మాదిరి దుర్గాష్టమి రాత్రి బొమ్మను తగలబెట్టి, పగ తీరిందని రోగిని నమ్మించడం చికిత్స కాదు. రోగి అపనమ్మకాన్ని నిజమని నాటకమాడి ధ్రువపరిస్తే, అది మరింత గట్టిపడే ప్రమాదం ఉన్నది.

మరొక సంగతి గమనించారా? మలయాళ మూలంలో గంగలోని రెండో స్త్రీ తమిళ నర్తకి. తమిళంలోకి వచ్చేసరికి ఆమె తెలుగు నర్తకి అయింది. భయపెట్టే స్త్రీ ఎప్పుడూ పొరుగు భాషదే! వ్యాధిని మన ఇంటిది కాదనుకోవాలనే కోరిక మనకు ఎంత బలంగా ఉన్నదో ఈ చిన్న మార్పు చెబుతుంది.

ఆమెకైతే దెయ్యం, అతడికైతే ప్రేమ

ఇక అసలు అభియోగానికి వస్తాను. గంగ కోపాన్ని వ్యాధి అన్న మనమే, 2017 ఆగస్టులో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ కోపాన్ని ఏమన్నాము? ప్రేమ అన్నాము. నిజాయితీ అన్నాము. కొందరు యువకులు దానిని ఆదర్శం అన్నారు.

అర్జున్ రెడ్డి వైద్యుడు కనుక, నా వృత్తివాడు కనుక, అతడిని కొంచెం జాగ్రత్తగానే చూశాను. గాజు గ్లాసు పగలగొట్టిన పనిమనిషిని అతడు వీధిలో తరుముతాడు, హాలు నవ్వింది. ప్రేమించిన అమ్మాయి చెంప మీద కొడతాడు, హాలు సరిపెట్టుకున్నది. తాగి శస్త్రచికిత్స చేస్తాడు. ఆ విషయంలో చిత్రాన్ని నేను తప్పుపట్టను. అతడు తప్పు ఒప్పుకోవడం, వైద్యవృత్తికి దూరం కావడం అందులోనే చూపించారు. నా తగవు ప్రేక్షకులుగా మన వ్యాఖ్యానంతో. అతడికి నిజంగా వైద్యసహాయం కావలసిన లక్షణాలు కళ్ళెదుట ఉన్నాయి: రోజుల తరబడి మద్యం, మాదకద్రవ్యాలు, తనను తాను నాశనం చేసుకునే ధోరణి. వాటిని మనం చూడలేదు.

కోపం ఆడదానిదైతే లోపల ఇంకెవరో ఉన్నట్లు; మగవాడిదైతే లోపల ఉన్నది గొప్ప హృదయమన్నట్లు. ఈ ద్వంద్వనీతి సినిమాలో ఆగిపోతే నేను కలం పట్టేవాడిని కాను. పల్లెలలో, పట్టణాలలో అత్తమామలకు ఎదురు చెప్పిన కోడలికి ‘గాలి సోకింది’ అంటారు. భార్యను కొట్టే భర్తకు ‘కోపం ఎక్కువేగాని మనసు మంచిది’ అంటారు.

అటువంటి భర్త విషయంలో నేను ఒక ప్రశ్న అడుగుతుండేవాడిని: ‘ఆయన పై అధికారి మీద ఎప్పుడైనా చేయి చేసుకున్నారా?’ లేదని సమాధానం. అంటే నిగ్రహం ఉన్నది. ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడనవసరం లేదో ఆయనకు తెలుసు. అది జబ్బు కాదు, అధికారం. దానికి మాత్రలు లేవు, చట్టం ఉన్నది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టాన్ని పార్లమెంటు ఆమోదించినది కూడా ఆ 2005లోనే. ఆ చట్టం కంటె ఆ సినిమా మన ఇళ్ళలో ఎక్కువ ప్రచారం పొందింది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకొక మేలైన మాట చెప్పింది. సమాజపు నైతిక, సాంఘిక, సాంస్కృతిక విలువలకు ఒక మనిషి కట్టుబడి ఉండకపోవడాన్ని ఆధారం చేసుకుని ఆ మనిషికి మానసిక వ్యాధి ఉన్నదని నిర్ణయించరాదు. ఎదురు చెప్పిన ప్రతి కోడలికీ ఈ ఒక్క వాక్యం తెలియాలి.

బోనాలలో రంగం చెప్పే స్త్రీని, జాతరలో పూనకం వచ్చినవారిని నేను రోగులనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ కూడా అనడం లేదు. సమాజం అంగీకరించిన ఆచారంలో భాగంగా వచ్చిపోయే స్థితి వ్యాధి కాదు. ఆ ఆచారానికి వెలుపల, మనిషి ప్రమేయం లేకుండా వచ్చి, బాధనో, జీవితంలో నష్టాన్నో కలిగించినపుడే అది వైద్యుడు చూడవలసిన విషయం.

‘ఉన్నట్టుండి’ అనే మాటను నమ్మకండి

‘ఉన్నట్టుండి మీద పడింది డాక్టరు గారూ!’ ఈ మాట నేను కొన్ని వందల సార్లు విని ఉంటాను. ఓపికగా అడిగితే ఆ ‘ఉన్నట్టుండి’ వెనుక మూడు రోజుల జ్వరమో, వారం రోజులుగా లేని నిద్రో, నెలల తరబడి పేరుకున్న అవమానమో బయటపడుతుంది. ఇంట్లో ఎవరి ప్రవర్తనైనా హఠాత్తుగా మారి ఉగ్రరూపం దాలిస్తే, మనసు జోలికి పోకముందు శరీరాన్ని పరీక్షించాలి.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు భోజనం ఆలస్యమై తిక్కగా, కోపంగా ప్రవర్తిస్తే వెంటనే రక్తంలో చక్కెర చూడండి. 70 మిల్లీగ్రాములకు తక్కువ ఉంటే, స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఊరంతా దెయ్యమనుకున్నది కొన్నిసార్లు గుప్పెడు చక్కెరతో దిగిపోతుంది.

వృద్ధులలో రాత్రివేళ కలవరింత, కొట్టబోవడం మొదలైతే మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందులు కారణం కావచ్చు. రోజూ తాగేవారు ఆపరేషన్ కోసమో, మరే కారణంచేతనో మద్యం మానేస్తే, రెండు మూడు రోజులకు వణుకు, భ్రాంతులు, ఉద్రేకం రావచ్చు, ఇది ప్రాణాంతకం. మూర్ఛ వచ్చి తగ్గిన వెంటనే అయోమయంలో ఉన్న మనిషిని గట్టిగా పట్టుకుంటే తిరగబడతాడు. పక్కన నిలబడి దెబ్బ తగలకుండా చూడడమే మనం చేయవలసినది. ప్రసవమైన తొలి వారాలలో తల్లి నిద్ర లేకుండా, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, బిడ్డ గురించి వింత భయాలు వ్యక్తం చేస్తే అది అత్యవసర స్థితి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకండి. అదే రోజు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

గంగను చూసిన కళ్ళతో తప్పక తెలుసుకోవలసిన జబ్బు ఇంకొకటి ఉన్నది. దాని పేరు యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. 2007లోనే వైద్యలోకం దీనిని స్పష్టంగా గుర్తించింది. శరీర రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేయడం దీనికి కారణం. ఎక్కువగా యువతులలో వస్తుంది. కొద్ది రోజులు జ్వరం, తలనొప్పి. ఆపైన నిద్రలేమి, భయం, భ్రాంతులు, తీవ్రమైన ఉద్రేకం. తరువాత మూర్ఛలు, నోరు వంకర్లు పోవడం, మాట పడిపోవడం. పూనకమని ఎవరైనా అనుకోగల లక్షణాలు! కొందరిలో అండాశయంలోని కణితి దీనికి మూలం. సకాలంలో గుర్తించి చికిత్స చేస్తే చాలామంది కోలుకుంటారు. భూతవైద్యుని వద్ద గడిపిన ప్రతి వారమూ ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది.

బలమనే భ్రమ, తాడు అనే పాపం

మంచం ఎత్తిన దృశ్యం మరొక అపోహను నాటింది: ఇటువంటివారికి అమానుష బలం వస్తుందని. ఉద్రేకంలో ఉన్న మనిషికి నొప్పి, అలసట తెలియకపోవచ్చు, అందువల్ల పెనుగులాట ఎక్కువసేపు సాగవచ్చు. అంతకుమించి అమానుషమైనది ఏమీ లేదు. కాని ఆ భయంతోనే నలుగురు మగవాళ్ళు ఒక ఆడపిల్ల వీపు మీద కూర్చుంటారు. బోర్లా పడుకోబెట్టి బరువు మోపితే ఊపిరి ఆడక నిమిషాలలో ప్రాణం పోగలదు. వేపమండలతో కొట్టడం, మిరపపొగ పెట్టడం, గొలుసులతో కట్టడం అన్నీ ఈ అపోహ సంతానమే.

గొలుసుల సంగతి వచ్చింది కనుక ఒకటి జ్ఞాపకం చేస్తాను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకున్నది. గొలుసులతో కట్టి ఉంచినందువల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. వారందరూ ఎవరో ఒకరు ‘మంచి జరుగుతుందని’ తెచ్చి వదిలినవారే. నాలుగేళ్ళకు మనం థియేటర్లలో గంగను చూసి ఈలలు వేశాము. నేటి చట్టం ప్రకారం మానసిక రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదు.

మరి ఎదుట మనిషి ఊగిపోతుంటే ఏమి చేయాలి? గదిలో జనాన్ని తగ్గించండి. కత్తులు, గాజు సామాను తొలగించండి. గుమ్మానికి అడ్డుగా నిలబడకండి. ఆ మనిషికీ మీకూ దారి ఉండాలి. ఒక్కరే, తక్కువ గొంతుతో, చిన్న మాటలతో మాట్లాడండి. వాదించకండి, ఎగతాళి చేయకండి, ‘నువ్వెవరు?’ అని లోపలి మనిషిని పిలవకండి. పేరు పెట్టి పిలవండి. ప్రమాదం అనిపిస్తే 108కు ఫోన్ చేయండి. ఉద్రేకం తగ్గిన తరువాత ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్ళండి. సలహా కోసం టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీలకు 181 ఉన్నది.

హాస్య సన్నివేశాలలో ఎర్రగడ్డ పేరు చెప్పి నవ్వించడం మన సినిమావారికి పరిపాటి. ఆ నవ్వు వల్లనే ఎర్రగడ్డ గేటు దాకా వచ్చి వెనుదిరిగిన కుటుంబాలు ఉన్నాయి. విశాఖలోని మానసిక వైద్యశాల సంగతీ అంతే. కంటి ఆసుపత్రికి వెళ్ళడానికి సిగ్గుపడని మనం దీనికెందుకు సిగ్గుపడాలి?

రచయితలకు, దర్శకులకు నా మనవి ఒక్కటే. మీ కథలో మానసిక వైద్యుడు ఉంటే, ఒక్క సన్నివేశంలోనైనా ఆయనను రోగి ఎదుట కూర్చోబెట్టి, రోగిని మాట్లాడనివ్వండి. పాఠకులకు నా మనవి కూడా అదే. ఈసారి టీవీలో ఆ దృశ్యం వచ్చినపుడు మంచాన్ని చూడకండి. అంతకుముందు ఆమె ‘ఎందుకు వెళ్ళకూడదు?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. మీ ఇంట్లో ఎవరైనా అదే ప్రశ్న అడిగినపుడు, దయచేసి మీరు చెప్పండి.